పాఠకుల ప్రశ్నలు: పరిణామ పాఠం చెప్పడం ఎలా?

ఈ శీర్షికలో ఆ మధ్య డార్విన్ గురించి ఒక చిన్న జవాబు వచ్చిన తర్వాత, ఒడిశాలోని రాయగడ, కోరాపుట్, గంజాం జిల్లాల నుంచీ, మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లా నుంచీ ఉత్తరాలు అందాయి. రాసినవారిలో ఎక్కువమంది ఇంట్లో తెలుగు మాట్లాడుతూ బడిలో ఒడియాలోనో మరాఠీలోనో పాఠం చెప్పే ఉపాధ్యాయులు. ఒకే రకమైన సందేహాలను కలిపి, ఈసారి చోటంతా వాటికే ఇస్తున్నాము.

ప్రశ్న: నేను ఉన్నత పాఠశాలలో ఒడియా మాధ్యమంలో జీవశాస్త్రం చెబుతాను, సాయంత్రం ఇంటి దగ్గర మన పిల్లలకు అదే పాఠం తెలుగులో చెబుతాను. ఏ భాషలో చెప్పినా పరీక్షలో మాత్రం "జిరాఫీకి అవసరం కలిగింది కాబట్టి మెడ పొడవైంది" అనే రాస్తున్నారు. ఎన్నిసార్లు దిద్దినా ఫలితం లేదు. లోపం ఎక్కడుంది?
– ఒక ఉపాధ్యాయిని, గుణుపురం

జవాబు: లోపంలో సగం మనం చెప్పే వాక్యంలోనే ఉంది. "ఎత్తయిన కొమ్మల ఆకులు అందుకోవడానికి జిరాఫీ మెడ పొడవైంది" అని తరగతిలో మనమే అంటాం. తెలుగులో "-డానికి" అనో "కోసం" అనో అన్నామంటే దాని వెనుక ఒకరి ఉద్దేశం ఉన్నట్టే. "నీళ్లు తేవడానికి వెళ్లాడు" అంటే వెళ్లినవాడి మనసులో నీళ్లున్నాయని అర్థం. కాబట్టి పిల్లవాడు మన వాక్యాన్ని సరిగ్గానే అర్థం చేసుకుని, సరిగ్గా అదే తిరిగి రాస్తున్నాడు. అదే వాక్యాన్ని "మెడ కాస్త పొడవుగా ఉన్నవాటికి మేత ఎక్కువ అందింది, అవి ఎక్కువ పిల్లల్ని కన్నాయి, ఆ పిల్లలకూ పొడవైన మెడలే వచ్చాయి" అని చెప్పి చూడండి. వాక్యం పెద్దదవుతుంది, కానీ అందులో ఎవరి కోరికా ఉండదు. (జిరాఫీ మెడకు అసలు కారణం మేతేనా, మగవాటి పోట్లాటలా అన్న చర్చ శాస్త్రజ్ఞుల్లో ఇంకా ఉంది; అందుకే నేనైతే ఆ ఉదాహరణతో పాఠం మొదలుపెట్టను.)

మిగతా సగం మాటల్లో ఉంది. మన దర్శనాల్లో పరిణామం అంటే పాలు పెరుగు కావడం: ఉన్న వస్తువే మరొకటిగా మారడం. తాడు పామై కనిపించడం వివర్తం; అక్కడ మారిందేమీ లేదు, అలా తోచింది, అంతే. తెలుగులో ఈ పాఠం పేరు "పరిణామం"; మీ ఒడియా పుస్తకంలో "బిబర్తన", అంటే వివర్తనమే. వేదాంతంలో ఎదురుబొదురుగా నిలబడిన రెండు మాటలూ సరిహద్దుకు అటూ ఇటూ ఒకే శాస్త్రవిషయానికి పేర్లయ్యాయి! పరిస్థితికి సరిపడిన రకాలు నిలిచి పెరగడాన్ని "ప్రకృతి వరణం" అంటాం; అందులోని "వరణం" అన్నా చిక్కే. స్వయంవరం కథలు విన్న పిల్లలకు ఆ మాట వినగానే పూలమాల పట్టుకుని ఎంచుకునే ఒక వ్యక్తి కనిపిస్తుంది. ఒడియాలోని "చయన" కూడా ఎంచేవారిని అడిగే మాటే. పరీక్షకు ఈ మాటలే కావాలి కనుక వాటిని మార్చమని నేను చెప్పను. కానీ పాఠంలో మొదటి పది నిమిషాలు ఈ మాటల మీదే గడపడం వృథా కాదు. పాలు పెరుగయ్యేటప్పుడు ప్రతి చుక్కా మారుతుంది. ప్రకృతి వరణంలో ఏ ఒక్క జీవీ మారదు. గుంపులో ఏ రకానివి ఎన్ని ఉన్నాయన్న పాళ్లు తరం తర్వాత తరం మారుతూ పోతాయి. ఈ తేడా పట్టుబడితే మిగిలిన పాఠం చాలావరకు దానంతటదే నడుస్తుంది.

ఆ తేడాను చేతితో చూపించవచ్చు. బడి ఆవరణలో ఎర్రమట్టి నేల మీద నాలుగు చదరపు మీటర్ల గడి గీసి, అందులో 30 ఉలవలు, 30 పెసలు, 30 మినుములు చల్లించండి. ఆరుగురు పిల్లలు పక్షులు. మొత్తం 45 గింజలు ఏరేవరకు, ఒక్కొక్కరూ కంటికి ముందు ఆనిన గింజను ఒక్కొక్కటే ఏరాలి. మిగిలిన 45ని లెక్కపెట్టి, ప్రతి గింజకూ అదే రకం గింజ ఇంకొకటి చేర్చి మళ్లీ 90 చేసి చల్లండి. అదే రెండో తరం. ఇలా నాలుగు తరాలు జరిపి, ప్రతిసారీ ఏ రకం ఎన్ని మిగిలాయో బల్ల మీద రాయించండి. అవే గింజలతో తర్వాతి వారం పచ్చగడ్డి మీద ఆడించండి. ఆట ముగిశాక అడగవలసిన ప్రశ్న ఒక్కటే: "ఏ గింజైనా రంగు మార్చుకుందా?" ఆ తర్వాత ఇంకొకటి: "మొదట్లోనే ఉలవలు ఒక్కటీ చల్లకపోతే, ఎర్రమట్టి మీద ఎంత అవసరమైనా ఉలవ పుట్టేదా?" వైవిధ్యం ముందుండాలనీ, వడపోత తర్వాత జరుగుతుందనీ పిల్లలకు ఈ రెండో ప్రశ్నే నేర్పుతుంది.

పై తరగతులవారికి పసిఫిక్ సముద్రంలోని గెలాపగోస్ దీవుల్లో డాఫ్నె మేజర్ అనే చిన్న దీవి కథ చెప్పండి. శాస్త్రజ్ఞులైన పీటర్ గ్రాంట్, రోజ్‌మేరీ గ్రాంట్ దంపతులు అక్కడి ఫించ్ పిట్టల కాళ్లకు గుర్తు ఉంగరాలు వేసి, ముక్కులు కొలిచి పెట్టుకున్నారు. 1977లో వానలు లేక మెత్తని చిన్న గింజలు అయిపోయి, గట్టి గింజలే మిగిలాయి. పిట్టల్లో ఎక్కువ భాగం చనిపోయాయి. బతికినవాటిలో లావు ముక్కువే అధికం, వాటి పిల్లలకూ లావు ముక్కులే వచ్చాయి. ఏ పిట్ట ముక్కూ కరవులో పెరగలేదు. 1983లో కుండపోత వానలు కురిసి చిన్న గింజలు విరివిగా దొరికిన తర్వాత, మొగ్గు చిన్న ముక్కువాటి వైపు తిరిగింది. మీ పరీక్షలో ఇలా అడగండి: "కరవుకు ముందు ఒక పిట్ట ముక్కు కొలిచారు. అదే పిట్టను కరవు తర్వాత పట్టి కొలిస్తే ఎంత తేడా ఉంటుంది?" తేడా ఉండదని రాసినవారికి పాఠం అర్థమైనట్టు.

ప్రశ్న: మా అమ్మాయి చదివే సీబీఎస్ఈ పదో తరగతి పుస్తకంలో పరిణామం లేదు. పరీక్షకు రాని పాఠం ట్యూషన్‌లో చెప్పించడం అవసరమా?
– ఒక తండ్రి, సునాబెడ

జవాబు: "అనువంశికత, పరిణామం" అన్న అధ్యాయం ఎన్‌సీఈఆర్‌టీ 2023 పుస్తకంలో ఒట్టి "అనువంశికత" అయింది. ఆ మార్పును వెనక్కి తీసుకోవాలని 1,800 మందికి పైగా శాస్త్రజ్ఞులు, ఉపాధ్యాయులు, విద్యావేత్తలు బహిరంగ లేఖ మీద సంతకాలు చేశారు. పన్నెండో తరగతి జీవశాస్త్రంలో పాఠం ఉంది, కానీ పదితో జీవశాస్త్రం వదిలేసే పిల్లలు దాన్ని ఎన్నడూ చదవరు. బఠాణీ మొక్కల మీద మెండెల్ ప్రయోగాలు చెప్పిన మర్నాడే పై గింజల ఆట ఆడిస్తే ఒక్క పూటలో పని అవుతుంది. చెప్పించండి.

ప్రశ్న: మా పక్క పల్లెల్లో ఇప్పటికీ పది రకాల దేశవాళీ వడ్లు పండిస్తారు. వాటిని ఉదాహరణగా వాడుకోవాలని ఉంది. కానీ అవి మనుషులు ఎంచినవి కదా. ప్రకృతి వరణానికి ఉదాహరణ ఎలా అవుతాయి?
– ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, జయపురం

జవాబు: డార్విన్ కూడా 1859లో వచ్చిన తన గ్రంథాన్ని అడవి జంతువులతో మొదలుపెట్టలేదు, మొదటి అధ్యాయమంతా పెంపుడు పావురాలు, పంట మొక్కలే. మీరున్న చోటు ఇందుకు మరీ అనువైనది. వరి వైవిధ్యానికి జయపురం ప్రాంతం పేరుపొందింది. కోరాపుట్ సంప్రదాయ సేద్యాన్ని ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ 2012లో ప్రపంచ వారసత్వ సేద్య పద్ధతిగా గుర్తించింది. దేశవాళీ విత్తనాలు కాపాడినందుకు పాత్రపుట్ గ్రామానికి చెందిన కమలా పూజారికి 2019లో పద్మశ్రీ ఇచ్చారు. ఆమె వంటివారు చేసింది తెలిసి ఎంచడం. అయితే వరి చరిత్రలో తెలియకుండా జరిగిన వడపోత ఇంకా పెద్దది.

అడవి వరి గింజ పండగానే కంకి నుంచి రాలిపోతుంది; మొక్కకు అది మేలు. కోసుకుపోయే మనిషికి చేనులో రాలినవి దక్కవు, కంకికి అంటుకుని ఉన్నవే ఇంటికి చేరతాయి, మరుసటి ఏడు విత్తనమయ్యేవీ అవే. రాలని వరిని తయారుచేద్దామని ఎవరూ అనుకోలేదు. కొడవలి పట్టిన ప్రతి చేయీ తెలియకుండానే జల్లెడ అయింది.

దీనికంటే నాకు ఇష్టమైన ఉదాహరణ ఊద గడ్డి. కలుపు తీసేవారు వరికీ ఊదకూ తేడా కంటితోనే పట్టాలి. నేల మీద పరుచుకుని, కాడ ఎర్రబారిన ఊద సులువుగా దొరికిపోతుంది. నిటారుగా, ఆకుపచ్చగా వరిలా ఉన్నది తప్పించుకుని గింజ కడుతుంది. చైనాలో యాంగ్‌ట్సే నది పరీవాహక ప్రాంతపు ఊద రకాల జన్యువులను పరిశీలించినవారు అక్కడ ఈ పోలిక ఇలాగే ఏర్పడిందని చూపారు. కలుపు తీసినవారు కోరింది ఊద నాశనం. వారి చేతుల మీదుగా వచ్చింది వరిని పోలిన ఊద. ఉద్దేశానికి నేరుగా ఎదురు ఫలితం వచ్చిన చోట "ఎవరో ఎంచారు" అన్న మాట నిలవదు. నాట్లయిన నెల రోజులకు పిల్లల్ని గట్టు మీదికి తీసుకెళ్లి, ఒక అనుభవమున్న కూలీ అక్కను అడిగి ఈ రెండు మొక్కలనూ గుర్తించమనండి. ఎన్ని తప్పులు చేస్తారో వారికే తెలుస్తుంది.

ప్రశ్న: "మనుగడ కోసం పోరాటం" అనగానే పిల్లలు పులులు, సింహాల కొట్లాటలు చెబుతున్నారు. కొందరు "బలవంతుడిదే రాజ్యం" అని రాశారు. ఇది సరిచేయడానికి మంచి ఉదాహరణ ఉందా?
– ఒక ఉపాధ్యాయుడు, గంజాం

జవాబు: మీ జిల్లా ఒడ్డునే ఉంది. ఋషికుల్యా నది సముద్రంలో కలిసే చోట ఆలివ్ రిడ్లే తాబేళ్లు కొన్ని ఏడాదుల్లో లక్షల సంఖ్యలో గుడ్లు పెడతాయి. ఒక్కొక్కటి ఇసుకలో గొయ్యి తీసి ఇంచుమించు నూరు గుడ్లు పెట్టి వెళ్లిపోతుంది; పొదగదు, కాపలా కాయదు. సుమారు 50 రోజులకు పిల్లలు బయటికి వస్తాయి. కుక్కలు, కాకులు, పీతలు, నీళ్లలో చేపలు పోగా, వెయ్యి పిల్లల్లో ఒకటి పెద్దదయ్యేవరకు బతుకుతుందని సాధారణంగా అంచనా వేస్తారు. ఇందులో ఏ తాబేలు పిల్లా మరో పిల్లతో పోట్లాడలేదు. అయినా డార్విన్ చెప్పిన పోరాటం ఇదే: పుట్టేవి ఎక్కువ, నిలిచేవి కొద్ది, ఎవరు నిలుస్తారన్నది పూర్తిగా అదృష్టం చేతిలో లేదు.

రాత్రిపూట పిల్లలు వెలుతురు ఎక్కువున్న దిక్కుకు పాకుతాయి. యుగాల తరబడి ఆ దిక్కు సముద్రమే. ఒడ్డున దీపాలు వెలిగితే అదే గుణం వాటిని రోడ్డు మీదికి నడిపిస్తుంది. అంటే "యోగ్యత" జీవిలో ఒక్కదానిలోనే ఉండదు, చుట్టూ ఉన్న పరిస్థితితో కలిసి ఉంటుంది. "యోగ్యులదే మనుగడ" అన్న మాట డార్విన్ పుట్టించింది కాదు. 1864లో ఆంగ్ల తత్వవేత్త హెర్బర్ట్ స్పెన్సర్ వాడాడు, డార్విన్ తన గ్రంథం 1869 ముద్రణలో చేర్చుకున్నాడు. చేర్చుకోకపోయి ఉంటే మన ఉపాధ్యాయులకు చాలా శ్రమ తప్పేదని నా అభిప్రాయం. తీరంలోని మన తెలుగు బెస్తవారి పిల్లలు మీ తరగతిలో ఉంటే, ఈ పాఠంలో సగం వారే చెప్పగలరు.

ప్రశ్న: మా ప్రాంతంలో సికిల్ సెల్ జబ్బు ఎక్కువ. హాని చేసే జన్యువును ప్రకృతి వరణం తొలగించాలి కదా, ఎందుకు తొలగించలేదని ఒక విద్యార్థిని అడిగింది. నాకు జవాబు తెలియలేదు. పైగా తరగతిలో ఆ జబ్బున్న పిల్లలు ఉన్నారు. ఈ విషయం ఎత్తవచ్చా?
– ఒక ఉపాధ్యాయుడు, రాయగడ

జవాబు: ఈ విడతలో వచ్చినవాటిలో ఉత్తమమైన ప్రశ్న ఆ అమ్మాయిదే. హీమోగ్లోబిన్‌లోని బీటా గొలుసులో ఆరో స్థానంలో గ్లుటామిక్ ఆమ్లానికి బదులు వాలిన్ చేరడం వల్ల ఈ జబ్బు వస్తుంది. తల్లి నుంచీ తండ్రి నుంచీ మారిన జన్యువే అందితే ఎర్ర రక్తకణాలు కొడవలిలా వంగి, నొప్పులు, రక్తహీనత తప్పవు. ఒక్కరి నుంచే అందినవారు వాహకులు. సాధారణంగా ఆరోగ్యంగానే ఉంటారు. ఈ వాహకులకు, ముఖ్యంగా చిన్నతనంలో, ప్రాణాంతకమైన ఫాల్సిపేరమ్ మలేరియా నుంచి రక్షణ ఉంటుందని ఆంథొనీ ఆలిసన్ 1954లో తూర్పు ఆఫ్రికాలో చూపాడు. కోరాపుట్, రాయగడ కొండలకు మలేరియా కొత్త కాదు కదా.

లెక్క బల్ల మీద ఇలా వేయండి. ఒక ఊళ్లో వందమంది, అంటే ఒక్కొక్కరికి రెండేసి చొప్పున 200 జన్యువులు. వాటిలో 20 మారినవనుకుందాం. కలయిక యాదృచ్ఛికమైతే 81 మందికి రెండూ మామూలువి, 18 మంది వాహకులు, ఒక్కరికి జబ్బు. మారిన 20 జన్యువుల్లో 18 ఆరోగ్యవంతులైన వాహకుల్లో దాగి ఉన్నాయని, రోగిలో ఉన్నవి రెండేనని పిల్లలకు ముందు చూపండి. ఇప్పుడు జబ్బున్న వ్యక్తి పిల్లల్ని కనకముందే చనిపోయాడనీ, రక్షణ లేని 81 మందిలో 9 మందిని మలేరియా తీసుకుపోయిందనీ అనుకోండి. మిగిలింది 72 మంది మామూలువారు, 18 మంది వాహకులు. మొత్తం 180 జన్యువులు, వాటిలో మారినవి 18. మొదట నూటికి పది, ఇప్పుడూ నూటికి పదే. ఒక వైపు తొలగింపు, మరో వైపు రక్షణ త్రాసులా సమానమయ్యాయి. మలేరియా లేని ఊళ్లో ఆ 9 మందీ బతుకుతారు; అప్పుడు త్రాసు ఒరిగి, మారిన జన్యువు పాలు తరతరానికీ మెల్లగా తగ్గుతుంది. ఈ అంకెలు లెక్క తేలడానికి నేను ఎంచుకున్నవే తప్ప ఏ ఊరివీ కావు; ఆ మాట పిల్లలకూ చెప్పండి.

ఆలిసన్ కంటే ముందే, 1949లో, తలసీమియా అనే మరో వంశపారంపర్య రక్తవ్యాధి విషయంలో ఇటువంటి ఊహ చేసినవాడు బ్రిటిష్ జన్యుశాస్త్రజ్ఞుడు జె.బి.ఎస్. హాల్డేన్. ఆయన 1957లో భారతదేశానికి వచ్చి, ఇక్కడి పౌరుడై, చివరి సంవత్సరాలు భువనేశ్వర్‌లో పరిశోధన నడిపి, 1964 డిసెంబరు 1న అక్కడే మరణించాడు. ఆయన కోరిక ప్రకారం దేహాన్ని కాకినాడ రంగరాయ వైద్య కళాశాలకు అప్పగించారు. ఒడిశాలోని తెలుగు తరగతికి ఇంతకంటే దగ్గరి శాస్త్రజ్ఞుడు దొరకడు.

ఇక మీ రెండో సందేహం. విషయం ఎత్తండి, పిల్లల్ని మాత్రం ఎత్తి చూపవద్దు. "మన తరగతిలో ఎవరికి ఉంది" అన్న ప్రశ్న రానీయకండి, రక్తపరీక్ష కార్డులు తెమ్మనకండి, ఫలానా కులంలోనో తెగలోనో ఎక్కువ అని బల్ల మీద రాయకండి. ఇది పాపఫలం కాదనీ, అంటుకునేది కాదనీ, పూర్వీకులు మలేరియా మధ్య బతికి బయటపడిన గుర్తనీ విన్నప్పుడు ఆ పిల్లల ముఖాలు కాస్త తేలికపడతాయి. అయితే వాహకులు కావడం గొప్ప అన్న ధ్వని కూడా రానివ్వవద్దు: ఇద్దరు వాహకులు పెళ్లాడితే ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒకటి. 2023 జూలై 1న మొదలైన జాతీయ సికిల్ సెల్ నిర్మూలన కార్యక్రమం కింద ప్రభుత్వం పరీక్షలు చేయిస్తున్నది. పెద్ద తరగతులవారికి ఆ సమాచారం ఇవ్వడం మీ పాఠంలో భాగమే.

ప్రశ్న: కోతి నుంచి మనిషి వస్తే ఇప్పటి కోతులు మనుషులు ఎందుకు కావడం లేదు?
– తొమ్మిదో తరగతి విద్యార్థి, బరంపురం

జవాబు: బాబూ, మీ ఇంట్లో తెలుగు, రాయగడ కొండల్లో కుయి, కువి, అటు మహారాష్ట్రలోని సిరొంచ వైపు గోండి. ఈ భాషలన్నీ ఒకే పాత ద్రావిడ శాఖ నుంచి విడిపోయిన అక్కచెల్లెళ్లు. తెలుగు కుయి నుంచి పుట్టలేదు. కుయి ఏదో ఒకనాటికి తెలుగు కాదు. ఆ పాత భాషను ఇప్పుడు ఎవరూ మాట్లాడరు. అలాగే మనిషి ఇప్పటి కోతుల నుంచి రాలేదు. మనిషికీ చింపాంజీకీ ఉన్న ఉమ్మడి పూర్వీకులు సుమారు అరవై, డెబ్బై లక్షల సంవత్సరాల కిందటివి. అవీ ఇప్పుడు లేవు. నీ ఊరి గుడి దగ్గర తిరిగే కోతి ఇంకా దూరపు చుట్టం.

ప్రశ్న: మా మరాఠీ పుస్తకంలో ఈ పాఠం పేరు "ఉత్క్రాంతి". ఇంట్లో పెద్దలు ఆ మాట విని, ఎవరు పోయారని అడిగారు! అది అలా ఉంచితే, మా తాలూకాలో శిలాజాలు దొరుకుతాయంటారు. వాటిని పాఠానికి ఎలా వాడుకోవాలి?
– ఒక ఉపాధ్యాయురాలు, సిరొంచ

జవాబు: మీ పెద్దల సందేహం న్యాయమైనదే, మన వాడుకలో ఉత్క్రాంతి అంటే ప్రాణం దేహాన్ని విడిచిపోవడం, మరాఠీలో క్రమంగా పైకి సాగడం. ఆ "పైకి" అన్న ధ్వనితోనే జాగ్రత్త: పరిణామం నిచ్చెన కాదు, కొమ్మలు వేసే చెట్టు.

మీ తాలూకాలో ప్రాణహిత ఒడ్డున ఉన్న కోట గ్రామం పేరు మీదే జురాసిక్ యుగపు రాతి పొరలకు "కోట" అన్న పేరు వచ్చింది. సిరొంచకు దగ్గరలోని పోచంపల్లి వద్ద తవ్విన డైనోసార్ ఎముకలకు 1975లో బారాపాసారస్ టాగోరై అని పేరు పెట్టారు. బెంగాలీలో "బడా పా" అంటే పెద్ద కాలు, టాగోరై అన్నది రవీంద్రుడి గుర్తుగా. నిలబెట్టిన ఆ అస్థిపంజరం కలకత్తాలోని భారత గణాంక సంస్థలో ఉంది. ఇవే పొరలకు చెందిన కోటాసారస్ అనే మరో డైనోసార్‌ను నదికి ఇవతల, తెలంగాణలోని యామన్‌పల్లి ప్రాంతంలో తవ్వి తీశారు. మీ పిల్లలు హైదరాబాదు బిర్లా సైన్స్ సెంటర్‌లో దాన్ని చూడవచ్చు. మీకు దగ్గరలోనే వడధం శిలాజ ఉద్యానమూ ఉంది.

అయితే పెద్ద ఎముకలు చూసి ఆశ్చర్యపడటంతో పాఠం ఆగిపోయే ప్రమాదం ఉంది. అవే కోట పొరల్లో చేపల పొలుసులు, బల్లి జాతులు, గింజంత పళ్లు మాత్రమే మిగిలిన తొలి క్షీరదాలు కూడా దొరికాయి. అటువంటి ఒక పంటికి 1981లో కోటాథీరియం హాల్డేనై అని పేరు పెట్టారు. పైన రాయగడ జవాబులో చెప్పిన హాల్డేనే ఆయన. ఆ పొరల్లో డైనోసార్ల కాళ్ల దగ్గర మన దూరపు బంధువులు చిట్టెలుకలంత ఉండేవని చెప్పి, వాటితో పాటు మనిషి ఎముకగానీ ఆవు ఎముకగానీ ఎందుకు దొరకలేదో పిల్లలనే ఆలోచించమనండి. ఏ పొరలో ఏముంది, ఏది లేదు అన్న ఈ రెండు నిలువు వరుసల పట్టిక పుస్తకంలోని బొమ్మకంటే ఎక్కువ చెబుతుంది.

వాగు గట్టున రాయిలో ఎముక వంటిది కనిపిస్తే పిల్లలు దాన్ని పీకి తేకుండా చూడండి. పొర నుంచి విడిపోయిన శిలాజం వయసు చెప్పలేదు. పక్కన పెన్ను పెట్టి ఫొటో తీసి, చోటు రాసుకుని, అటవీశాఖ వారికి చూపించండి.